మెలితిప్పిన ఉక్కు బిళ్ల అంచున ఈబీఎస్‌డీ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్ఫటికాల దిశలు చూపే పద్ధతి) ప్యాటర్న్ రావడం లేదు, ఏం చేయాలి?

నల్లగొండలో మెటలర్జీ పరిశోధన చేస్తున్నాను. 0.8 శాతం కార్బన్ ఉన్న పెర్లైట్ (ఇనుము, ఇనుప కార్బైడ్ పలుచని పొరలుగా ఉండే) ఉక్కు బిళ్లను (వ్యాసం 10 మి.మీ., మందం 0.8 మి.మీ.) గది ఉష్ణోగ్రతలో 6 గిగాపాస్కల్ ఒత్తిడి కింద 5 చుట్లు మెలితిప్పించాం. కేంద్రం దగ్గర కికుచి పట్టీలు (ఈబీఎస్‌డీ ప్యాటర్న్‌లో కనిపించే గీతలు) కొంతవరకు కనిపిస్తున్నాయి. కేంద్రం నుంచి 2 మి.మీ. దాటగానే అన్నీ మసకబారుతున్నాయి. 4 మి.మీ. దగ్గరైతే మ్యాప్ దాదాపు నలుపే. లెక్క ప్రకారం అక్కడ షియర్ స్ట్రెయిన్ (మెలితిప్పడం వల్ల వచ్చిన వికృతి) సుమారు 157, కాబట్టి స్ఫటిక రేణువులు బాగా చిన్నవై ఉంటాయని నా అనుమానం.

సెట్టింగులు: 20 కిలోవోల్టులు, 70 డిగ్రీల వంపు, స్టెప్ (కొలిచే బిందువుల మధ్య దూరం) 100 నానోమీటర్లు. డైమండ్ పేస్ట్ తర్వాత కొల్లాయిడల్ సిలికాతో పాలిష్ చేశాను. ఆ సమయాన్ని 20 నిమిషాల నుంచి గంటకు పెంచినా, ఎక్స్‌పోజర్ పెంచినా మార్పు లేదు. మెలితిప్పని అదే ఉక్కు ఇవే సెట్టింగులతో చక్కగా ఇండెక్స్ అవుతోంది (సాఫ్ట్‌వేర్ ప్యాటర్న్‌లను గుర్తిస్తోంది), అందుకే లోపం పాలిష్‌లో లేదనిపిస్తోంది. నైటాల్‌తో (నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్) ఎచింగ్ చేస్తే ఆప్టికల్ మైక్రోస్కోపులో బూడిద రంగు తప్ప ఏమీ తెలియడం లేదు.

హైదరాబాద్ ల్యాబ్‌లో స్లాట్ దొరకడమే కష్టం. ఇలాంటి ఉక్కుపై పనిచేసినవారు చెప్పండి: వోల్టేజీ, స్టెప్ తగ్గించి ఈబీఎస్‌డీనే మళ్లీ ప్రయత్నించాలా, లేక అంచు నుంచి పలుచని ఫాయిల్ తీసి నేరుగా టీకేడీకి (ఫాయిల్ గుండా దాటిన ఎలక్ట్రాన్లతో చేసే ఇలాంటి పద్ధతి) వెళ్లాలా?