అమ్మ మోకాళ్ళు, పిల్లల హుషారు: ఒక్కరోజులో ఎటు వెళ్ళొచ్చు?

వచ్చే ఆదివారం అన్నయ్యవాళ్ళతో కలిపి తొమ్మిది మందిమి, గాజువాక నుంచి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పిల్లలు బొర్రా గుహలంటున్నారు. పోయినసారి అక్కడ మెట్లు సగం దిగి, రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయింది. ఈసారి తను కూడా అన్నీ చూడాలని నా కోరిక. ఎటు వెళ్దాం?

జవాబు 1: బొజ్జన్నకొండ చూడండి, అనకాపల్లి దగ్గర శంకరంలో. రాతిని తొలిచిన స్తూపాలు అద్భుతం. కాకపోతే అక్కడా మెట్లే.

జవాబు 2: అమ్మగారి కోసమైతే తొట్లకొండే అండి. భీమిలి రోడ్డులో, కారు పైదాకా వెళ్తుంది. రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామం. వాననీళ్ళు పట్టడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. మా నాన్నగారు ఒక తొట్టి అంచున కూర్చుని, అడుగున నిలిచిన నీళ్ళని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. ఎదురుగా సముద్రం. ఆయనతో మా చివరి ప్రయాణం అదే. పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే నీడ తక్కువ. గొడుగు మర్చిపోవద్దు.

జవాబు 3: అటునుంచి భీమిలి వెళ్ళి డచ్చివాళ్ళ సమాధులు చూపించండి. గోస్తనీ సముద్రంలో కలిసేచోటు పిల్లలకి నచ్చుతుంది, నీళ్ళలోకి మాత్రం దిగనివ్వకండి.

అడిగినవారు: తొట్లకొండే ఖాయం చేశాం. అమ్మ అప్పుడే పులిహోరకి చింతపండు తీసి పెట్టమంది. పైన తాగునీళ్ళు దొరుకుతాయా, ఇంటినుంచే మోసుకెళ్ళాలా?

జవాబు 2: ఇంటినుంచే తీసుకెళ్ళండి.