సమస్య: కోతిని దినె పండు కొమ్మపైన

నిర్వాహకుడు: విభక్తి ప్రత్యయాల (‘ని’, ‘కి’ వగైరా) పట్టిక తిరగేస్తుంటే తట్టిన పాదం. పండు కోతిని తినడమేమిటని అడక్కండి, ఇదే చివరి పాదంగా అర్థం కుదిరేలా పద్యం పూరించండి.

గణగణ:
కర్తకేమొ ‘ని’యునుఁ గట్టిగాఁ దగిలించి
కర్మ నొంటరిఁ జేసి కలము దించె
చిట్టి వ్రాసినట్టి చిత్రవాక్యమునందు
కోతిని దినె పండు కొమ్మపైన

అరసున్న: గణగణ గారూ, రెండో పాదంలో గంట ఒకటి ఎక్కువ మోగింది. ఛందస్సుకు మించిన ఆ ‘రి’ ఎందుకండీ? ‘నొంటిఁ జేసి’ అంటే సరిపోయేది. మొదటి పాదంలో ‘యును’ ఉత్త ఊతం. ఇక తప్పంతా చిట్టి అనే పిల్లాడి మీదకు నెట్టడం అందరూ చేసేదే.

గణగణ: ‘రి’ తీసేశాను. మరి మీ పూరణ ఏదీ? పోయినసారి షష్ఠిని (‘కి’, ‘యొక్క’ల విభక్తిని) కారకాల్లో కలిపేసిన చెయ్యి ఊరికే ఉండదుగా!

అరసున్న: ఇదిగో.
ముద్దు చిలుక యొకటి ముక్కుతోఁ బొడుచుచుఁ
దఱిమి తఱిమి కొట్టి తనివిదీర
దొంగ దొంగ యనుచుఁ దోలె దూరముగ నా
కోతిని, దినె పండు కొమ్మపైన

‘కోతిని’ పై పాదానికి పోయింది. తిన్నది చిలుక. పండు కర్మే, కానీ జడం కాబట్టి ‘ను’ లేకున్నా చెల్లుతుంది. ‘పుస్తకం చదివాను’ అనమూ?

నిర్వాహకుడు: భలే విరుపు! ప్రథమ వేషంలో ద్వితీయ, అంటే కర్తలా కనబడే కర్మ! పాదం ఇచ్చిన నాకే ఇది తట్టలేదు.

గణగణ: విరుపు ఒప్పుకుంటాను. కానీ ‘నా కోతిని’ అని చదివితే కోతి తమరిదే అవుతోంది. మళ్ళీ షష్ఠే!

అరసున్న: అది ‘దూరముగన్ + ఆ’. ద్రుతం, అంటే ఆ చివరి ‘న్’, కొందరికి వినపడదు, ఏం చేస్తాం. పోయినసారి నేనన్నది ‘బాలునికి పండు నిచ్చె’లో ‘కి’ గురించి.

ద్రుతప్రకృతికం: పెద్దలిద్దరూ ఆగండి. ‘కి’ని షష్ఠిలో పెట్టింది బాలవ్యాకరణంలో చిన్నయసూరే. అయినా అక్కడ కారకం సంప్రదానం, అంటే ఇచ్చింది పుచ్చుకునేవాడు. విభక్తి అంటే మాటకు తగిలే ప్రత్యయం, కారకమంటే క్రియతో చుట్టరికం. ‘రాముని బాణము’లో రాముడికి బాణంతోనే పని, క్రియతో కాదు. అందుకే ఆ సంబంధ షష్ఠి ఆరు కారకాల్లో లేదు.

గణగణ: అంటే అరసున్న గారిది సగం తప్పు.

అరసున్న: సగం ఒప్పు అని కూడా అనొచ్చు. ‘యును’ సంగతి ఇంకా తేలలేదు మరి.