ఈ వారం సమస్య: మంట మీద పుట్టె మంచు ముద్ద

పృచ్ఛకుడు (సమస్య ఇచ్చే వ్యక్తి): ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. మిగతా మూడూ మీరు రాసి, పొసగని ఆ మాటకు అర్థం కుదర్చాలి. వేసవిలో గడ్డకట్టించి, చిలికి, చెంచాతో సగం తిని సగం తాగే చాక్లెట్టు పానీయం గురించి పూరించండి. ఐస్‌క్రీం జోలికి పోవద్దు.

మొదటి పూరణ

కోకొ పొడిని నీట గుప్పించి మరిగించి
తీపి నందు గలిపి దించి పిదప
చల్లబరచి దాచ శైత్యపు పెట్టెలో
మంట మీద పుట్టె మంచు ముద్ద

పృచ్ఛకుడు: గణాలు (గురులఘువుల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) శుభ్రంగా ఉన్నాయి. వంట కూడా సరైనదే. కోకో పొడిలో కొవ్వుంది, పిండిపదార్థం ఉంది. చన్నీళ్ళలో వేస్తే ఉండలు కట్టి పైన తేలుతుంది. మరిగిస్తేనే కలిసి చిక్కబడుతుంది, వాసనా విచ్చుకుంటుంది. అయితే సమస్య మాత్రం విడలేదండీ. మూడో పాదంలో ముద్ద పుట్టింది పెట్టెలో అని మీరే చెప్పి, నాలుగో పాదంలో మళ్ళీ మంట మీద అంటే ఎలా? ‘శైత్యపు పెట్టె’ వినడానికి శవాగారంలా ఉంది, క్షమించాలి.

రెండవ పూరణ

చలికి నాల్క మొద్దు చక్కెర చాలదు
పాలు పోసి మరల పంచదార
వేసి చిలికి యిడగ వేసవి యెండల
మంట మీద పుట్టె మంచు ముద్ద

ఒక సభ్యురాలు: మొదటి పాదానికి దండం! వేడిగా ఉన్నప్పుడు రుచి చూసి తీపి సరిపోయిందనుకుంటాం, గడ్డకట్టాక చప్పగా తగులుతుంది. అందుకే కాస్త ఎక్కువ తీపిగా ఉండగానే దించాలి. చక్కెర ఇంకో పనీ చేస్తుంది, ద్రవం గడ్డకట్టే ఉష్ణోగ్రతను సున్నా కిందికి దించుతుంది. రాయిలా బిగియకుండా చెంచా దిగేది అందుకే. మరీ పోస్తే అసలు గట్టిపడదు, అది వేరే సంగతి.

పృచ్ఛకుడు: ‘వేసవి యెండల మంట’ విరుపు చక్కగా కుదిరింది. కానీ చాక్లెట్టేదీ? ఈ పద్యం తియ్యటి లస్సీకీ సరిపోతుంది.

రెండవ పూరణ కర్త: రెండో పాదం ‘కోకొ కలిపి మరల కొంత తీపి’ అని మారుస్తున్నాను.

పృచ్ఛకుడు: బాగుంది.

మూడవ పూరణ

ఐసు తీసి మిక్సి వేసి తిప్పిన చాలు
మంటలేల? పొయ్యి మాటలేల?
వింతమాట గాక విందుమా యెందైన
‘మంట మీద పుట్టె మంచు ముద్ద’

ఒక సభ్యుడు: మొదటి పాదంలో యతి తప్పింది. ‘ఐ’కి ‘వే’ ఎక్కడి మైత్రి?

పృచ్ఛకుడు: తప్పలేదు. ఐసు–వేసి ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు ‘సు’, ‘సి’ కలిశాయి, ఆటవెలదిలో చెల్లుతుంది. సమస్యనే కొట్టిపారేసే ఈ పద్ధతి పాతదే అయినా ‘పొయ్యి మాటలేల’ నవ్వించింది. పాకం మాత్రం ఒప్పుకోను. ఉత్త ఐసు వేసి తిప్పితే నాలుగు గుక్కలకే నీళ్ళవుతుంది. కాచి చల్లార్చిన చాక్లెట్టు పాలనే ఐసు ట్రేలో పోసి, ఆ బిళ్ళల్ని మిక్సీలో వేస్తే కరిగినా చాక్లెట్టే మిగులుతుంది.

నాల్గవ పూరణ

చాకొలెట్టు కరిగి చల్లని పాలలో
పడగ రవ్వలయ్యె పాడుగాను
మరల వెచ్చబెట్టి మంచిగా కరిగింప
మంట మీద, పుట్టె మంచు ముద్ద

పృచ్ఛకుడు: ఈ వారానికి ఇదే నా ఓటు. ‘మంట మీద’ను వెనక పాదానికి అప్పజెప్పి కామా పెట్టారు చూశారా, అక్కడ విడిపోయింది ముడి. రవ్వల సంగతీ నిజమే. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చల్లటి పాలు తగిలితే అక్కడికక్కడే బిగుసుకుని పంటికింద గరగరలాడుతుంది. పాలు వెచ్చగా ఉండగానే చాక్లెట్టు కలపాలి. ‘చాక్లెట్టు’ను ‘చాకొలెట్టు’ అని సాగదీయడం వల్ల ‘చాకొ’, ‘లెట్టు’ అని రెండు సూర్యగణాలు (ఆటవెలదికి కావలసిన చిన్న గణాలు) దొరికాయి, తెలివైన పని. ‘మంచిగా’ మాత్రం ఉత్త పూరకం, తీసేయండి.

నాల్గవ పూరణ కర్త: ‘మరల వెచ్చబెట్టి మానక కలిపితి’ అంటే?

పృచ్ఛకుడు: భేష్. చాక్లెట్టు అడుగంటకుండా ఉండాలన్నా మానక కలపాల్సిందే.

మొదటి పూరణ కర్త: ఫ్రీజర్లో పెట్టాక కూడా కలపాలా?

పృచ్ఛకుడు: అరగంటకోసారి ఫోర్కుతో గీకండి, అంచుల దగ్గర మొదలుపెట్టి. పెద్ద పలుకులు విరిగి నూకలా అవుతుంది. మీ పద్యంలో మూడో పాదం కూడా అలాగే ఓసారి గీకి పంపండి.