మండీ డబ్బుతో తిరిగేవాడిని. తక్కువ ధరలో, చొక్కా కింద దాగే చిన్న రివాల్వర్ ఏది?

దామలచెరువు మండీ:

అందరికీ నమస్కారం. మాది దామలచెరువులో మామిడి మండీ. మే నుంచి జులై దాకా మాకు రాత్రీ పగలూ తేడా ఉండదు. తోతాపురి ట్రాక్టర్లు అర్ధరాత్రి దాటాక కూడా దిగుతుంటాయి. ఫ్యాక్టరీల డబ్బు బ్యాంకులోకే వస్తుంది గానీ, రైతుల్లో చాలామంది ఇప్పటికీ చేతికి నోట్లే కావాలంటారు. కూలీలకూ, బాడుగ బండ్లకూ ఎలాగూ నోట్లే. అందుకే పాకాల నుంచి సంచిలో డబ్బు పెట్టుకొని బైకు మీద రావడం నాకు అలవాటు. పోయిన సీజన్లో ఇద్దరు బండి మీద వెంబడించారు. బైకును పెట్రోల్ బంకులోకి తిప్పేశాను కాబట్టి ఏమీ కాలేదు. ఆ తర్వాత ఫిర్యాదు ఇచ్చి, ఆయుధ లైసెన్స్‌కు అప్లై చేశాను. పోలీసు ఎంక్వయిరీ, ట్రైనింగ్ సర్టిఫికెట్ అన్నీ అయ్యి, తిరుపతి కలెక్టరేట్ నుంచి .32 రివాల్వర్‌కు లైసెన్స్ వచ్చింది (.32 అంటే అంగుళాల్లో తూటా కొలత).

ఇప్పుడు ఏది కొనాలో తేలడం లేదు. నా ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, కాన్పూర్‌లో చేసే నిర్భీక్. బరువు 500 గ్రాములే. 2014లో వచ్చినప్పుడే దాని ధర 1,22,360 రూపాయలు. రెండోది ప్రబల్. అదీ కాన్పూర్‌దే, 2023 ఆగస్టులో విడుదలైంది. మూడోది, పీలేరు దగ్గర మాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరున్న పాత మార్క్ 3, అదీ కాన్పూర్ రివాల్వరే. ఆయనకు వయసైపోయింది, అమ్మేస్తానంటున్నారు. కొత్తదాని ధరలో సగానికే వస్తుంది.

లక్షన్నర దాటకూడదని నా లెక్క. జీఎస్టీ 28 శాతం ఉన్నప్పుడు ఎలాగో సరిపోయేది. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్ల మీద 40 శాతం అయ్యాక లెక్కంతా తారుమారైంది. లక్ష రూపాయల వస్తువు మీద పన్నే నలభై వేలు.

నేను సన్నగా ఉంటాను, చొక్కా టక్ చేయను. మండీలో పది మంది మధ్య తిరుగుతాను కాబట్టి నా దగ్గర అది ఉందని ఎవరికీ తెలియకూడదు. మా ఎండలకు చొక్కా ఎప్పుడూ తడిసే ఉంటుంది. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు అరచేతిలో పట్టేవి చూపిస్తున్నారు, అలాంటివి మనకు దొరకవా? వాడినవాళ్లు చెప్పండి, దయచేసి.

రేణిగుంట రోడ్:

అన్నా, ఆలోచించకుండా నిర్భీక్ తీసుకో. నా దగ్గర అదే ఉంది. రోజంతా ఒంటి మీద ఉండేదానికి బరువే ముఖ్యం. 700 గ్రాములది నడుముకు పెట్టుకుంటే సాయంత్రానికి ప్యాంటు జారుతుంటుంది, ఇంటికెళ్లగానే తీసి బీరువాలో పడేస్తావు, నెల తిరిగేసరికి అది బీరువాలోనే ఉండిపోతుంది. తేలికది అయితే ప్యాంటు జేబులో వేసుకొని మర్చిపోవచ్చు. పాతవాటి జోలికి పోవద్దు.

ఆర్మరర్, పీలేరు:

నాయనా, నేను సైన్యంలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైనవాడిని. ఆయుధాలు విప్పడం, బాగుచేయడమే నా ఉద్యోగం. అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

ముందు ఆ అమెరికా వీడియోలు పక్కన పెట్టు. వాళ్లు చూపించే ఐదు గుండ్ల చిన్న రివాల్వర్లలో ఎక్కువ భాగం .38 స్పెషల్. మన దేశంలో .38, 9 ఎంఎం రెండూ ప్రొహిబిటెడ్ బోర్, మామూలు పౌరుడికి ఇవ్వరు. పైగా 1980ల నుంచి మనలాంటివాళ్ల కోసం దిగుమతులు లేవు. అప్పుడెప్పుడో వచ్చిన పాత విలాయతీ రివాల్వర్లు చేతులు మారుతూ లక్షల మీద లక్షలు పలుకుతాయి. తక్కువ ధర అన్నావు కాబట్టి నీకు మిగిలింది మన దేశపు .32 మాత్రమే. అందులో చిన్నబుచ్చుకోవడానికి ఏమీ లేదు. .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ అనే ఆ తూటా 1896 నాటిది. కాల్చినప్పుడు చేతికి తగిలే తన్ను చాలా తక్కువ, కొత్తవాడి చేతికి కూడా లొంగుతుంది. ఇంకో మాట. పిస్టల్‌కు వాడే .32 తూటా వేరు, రివాల్వర్‌కు వాడేది వేరు. పేరు ఒకటే కదా అని పిస్టల్ తూటాలు తెచ్చుకోవద్దు.

ఇక బరువు సంగతి. రేణిగుంట తమ్ముడు చెప్పింది సగం నిజం. మోయడానికి తేలికది సుఖం. కానీ కాల్చేటప్పుడు తేలిక రివాల్వరే చేతిలో ఎక్కువ ఎగురుతుంది, రెండో గుండు గురి తప్పిస్తుంది. ఏడాదంతా మోస్తావు సరే, అవసరం వచ్చేది ఆ రెండు సెకన్లు. అప్పుడు చేతులు వణుకుతుంటాయి, టెన్షన్లో హామర్, అంటే వెనకుండే సుత్తి, వెనక్కి లాగే తీరిక ఉండదు. నేరుగా ట్రిగ్గరే నొక్కుతావు. ఆ నొక్కు బరువుగా ఉంటుంది. అందుకే డీలర్ దగ్గర ఖాళీ రివాల్వర్ అడిగి తీసుకో. ఖాళీదో కాదో నువ్వే తెరిచి చూడు. గోడ వైపు పట్టుకొని, డీలర్‌ను అడిగి పదిసార్లు ట్రిగ్గర్ నొక్కు. ముందు కొన కదలకుండా నొక్కగలుగుతున్నావా? ఏ రివాల్వర్‌తో అది కుదిరితే అదే నీది. గ్రాముల లెక్క ఆ తర్వాత.

ప్రబల్, మార్క్ 3 రెండూ 700 గ్రాముల దగ్గరే ఉంటాయి, గొట్టం రెండింటికీ 3 అంగుళాలు, అంటే 76 మిల్లీమీటర్లు. మొత్తం పొడవు ఏడు అంగుళాల దగ్గర. దాచుకునే విషయంలో రెండూ ఒకటే. తేడా తెరిచే పద్ధతిలో ఉంది. మార్క్ 3 పాత వెబ్లీ పద్ధతి. పైన గొళ్లెం తీస్తే గొట్టం ముందుకు వాలి, మధ్యలో తెరుచుకుంటుంది. ప్రబల్‌కు తూటాలు పెట్టే సిలిండర్ పక్కకు వస్తుంది, ఫ్రేము గట్టిగా ఒకే ముక్కగా ఉంటుంది. నన్నడిగితే కొత్తది కొనేవాడికి ప్రబల్ చెబుతాను. దాని రేంజ్ 50 మీటర్లని ప్రకటించారు. నీకు ఆ దూరంతో పని లేదు. పాకాల రోడ్డులో ఎవడైనా వస్తే చేతికందే దూరంలోకే వస్తాడు.

జేబులో వేసుకోమన్న సలహా మాత్రం వద్దు. అదే జేబులో తాళాలు, చిల్లర ఉంటాయి, ఏదో ఒకటి ట్రిగ్గర్ సందులో దూరుతుంది. ట్రిగ్గర్‌ను పూర్తిగా మూసేసే హోల్‌స్టర్ తప్పనిసరి. నీ నడుముకు కుడి పక్క, ప్యాంటు లోపలి వైపు పెట్టుకునే రకం తీసుకో. దాంతోపాటు మందపాటి బెల్టు కొను. రివాల్వర్ బరువు మోసేది ప్యాంటు కాదు, బెల్టు. ప్యాంటు జారుతుందనేవాళ్లు పలచటి బెల్టు కట్టుకొని ఉంటారు. చొక్కా ఒక సైజు పెద్దది, ముదురు రంగు, గళ్లది వేసుకో. తెల్ల చొక్కా చెమటకు తడిస్తే లోపలున్నదంతా కనబడుతుంది. బైకు ఎక్కి ముందుకు వంగినప్పుడు చొక్కా వెనక నుంచి లేస్తుంది, కాబట్టి ఇంట్లో ఒకసారి బైకు మీద కూర్చొని మీవాళ్లను వెనక నుంచి చూడమను.

చెమటంటే ఉప్పు నీళ్లు, ఇనుముకు అదే శత్రువు. తోలు హోల్‌స్టర్ ఆ తడిని పట్టి ఉంచుతుంది. రాత్రి ఇంటికి రాగానే తీసి, తూటాలు బయట పెట్టి, పొడి గుడ్డతో తుడిచి, పలచగా నూనె రాయి. హోల్‌స్టర్‌లోనే ఉంచి బీరువాలో పెడితే ఒక్క వేసవికే తుప్పు మచ్చలు చూస్తావు.

ఇక ఆ పాత మార్క్ 3. పాతది అనగానే చెడ్డదని అనుకోవద్దు, చాలా వాటికి జీవితంలో పట్టుమని పది గుండ్లు కూడా పేలి ఉండవు. కానీ చూసి కొనాలి. ముందు ఖాళీ చేయించు, సిలిండర్‌లో తూటాలు పెట్టే ఆరు గదుల్లోనూ వేలు పెట్టి చూడు. హామర్ మెల్లగా వెనక్కి లాగు. అది పూర్తిగా వెనక్కి వచ్చే లోపే సిలిండర్ తిరిగి టక్కున పట్టుకోవాలి. ఆరు గదులకూ ఒక్కొక్కటిగా ఇలాగే చూడు. పట్టుకున్నాక సిలిండర్‌ను వేళ్లతో అటూ ఇటూ కదిపితే జరా కదలొచ్చు గానీ, లొటలొట ఆడకూడదు. ఆడిందంటే గది గొట్టానికి ఎదురుగా సరిగా నిలబడదు, కాల్చినప్పుడు సీసం పక్కకు చెదురుతుంది, నీ చేతికే ప్రమాదం. హామర్ వెనక్కి లాగి ఉంచి, బొటనవేలితో వెనక నుంచి ముందుకు నెట్టు. ట్రిగ్గర్ నొక్కకుండా అది పడిపోతే ఇంకేమీ చూడక్కర్లేదు, వదిలేసి రా. మధ్యలో తెరిచే రకం కాబట్టి కీలు, గొళ్లెం ముఖ్యం. మూసి, గొట్టాన్ని ఒక చేత్తో, పిడిని ఇంకో చేత్తో పట్టి కదిపి చూడు. కటకట శబ్దం రాకూడదు. చివరికి తెరిచి, వెలుతురు వైపు పెట్టి గొట్టంలోకి చూడు. గుంటలున్నాయా, ఎక్కడైనా ఉంగరంలా నీడ కనబడుతుందా? ఆ ఉంగరం ఉంటే గొట్టం లోపల ఉబ్బిందని. నంబరు ఆయన లైసెన్స్ మీదున్న నంబరుతో అంకెకు అంకె కలవాలి.

మదనపల్లె టీచరమ్మ:

మాకూ మా నాన్నగారి నుంచి వచ్చింది ఉంది, కాబట్టి అడుగుతున్నాను. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఎలా? బీరువా తాళం ఎక్కడుంటుందో మా పిల్లలకు నాకంటే బాగా తెలుసు.

ఆర్మరర్, పీలేరు:

బీరువా చాలదమ్మా. గోడకో, బీరువా అడుగుకో బోల్టుతో బిగించే చిన్న ఇనుప పెట్టె, నంబరు తాళంది తీసుకోండి. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో. లైసెన్స్‌కు అప్లై చేసేటప్పుడు భద్రంగా ఉంచుతామని రాసిస్తాం కదా, అది కాగితం మీద మాట కాదు. పిల్లలకు దాచి ఉంచడం కంటే, అది ఉందని చెప్పి ముట్టుకోకూడదని నేర్పడం మేలు.

లాయర్, చిత్తూరు కోర్టు:

మండీ గారూ, ఆయుధం గురించి పెద్దాయన చెప్పారు. కాగితాల గురించి నేను చెబుతాను, ఎందుకంటే లైసెన్స్ ఉన్నవాళ్లు చిక్కుల్లో పడేది ఎక్కువగా అక్కడే.

పాతది కొనాలంటే చేతిలో డబ్బు పెట్టి తెచ్చుకోవడం కాదు. అమ్మే ఆయన ముందుగా జిల్లా అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తెలిపాక 45 రోజులు గడవాలి. ఆ తర్వాత ఆయన లైసెన్స్‌లో తీసివేత, మీ లైసెన్స్‌లో నమోదు. ఆయనది అన్నమయ్య జిల్లానో, చిత్తూరో, మీది తిరుపతి. జిల్లాలు విడిపోయాక ఇలాంటి ఫైళ్లు రెండు కలెక్టరేట్ల మధ్య తిరుగుతాయి, సీజన్ మొదలయ్యేలోపు కావాలంటే ఇప్పుడే మొదలుపెట్టండి.

మీ లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో ఇవాళే చూడండి. మీది సరిహద్దు వ్యాపారం. పల్ప్ లెక్కల కోసం వేలూరు, చెన్నై, కోలారు వెళ్లి వస్తుంటారు. లైసెన్స్ మన రాష్ట్రానికే ఉంటే నడుముకు పెట్టుకొని తమిళనాడులోకి అడుగుపెట్టడం నేరమే. చెన్నై డీలర్ దగ్గర కొనాలన్నా ముందు కలెక్టరేట్‌లో అడిగి, రాతపూర్వకంగా తీసుకొని వెళ్లండి.

బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో, పూర్తిగా కప్పి, మీ అదుపులో ఉండాలని 2016 ఆయుధాల నిబంధనలే చెబుతున్నాయి. అంటే మీరు దాచుకోవాలనుకోవడం చట్టానికి అనుకూలమే. ఎవరినైనా బెదిరించడానికి చొక్కా ఎత్తి చూపించడం మాత్రం కేసు. పెళ్లిలో, జాతరలో గాల్లోకి కాల్చినా ఆయుధాల చట్టం 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కొండకు వెళ్లేటప్పుడు ఇంట్లోనే తాళం వేసి వెళ్లండి, అలిపిరి దాటి ఆయుధం తీసుకెళ్లనివ్వరు. ఎన్నికల ప్రకటన రాగానే స్టేషన్లో అప్పగించమంటారు, రసీదు భద్రం.

కాల్చాల్సి వస్తే? దోపిడీ జరుగుతున్నప్పుడు ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్ల వరకు ఉంది. కానీ అవసరానికి మించిన హాని చేయకూడదు. సంచి లాక్కొని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే కోర్టులో మిమ్మల్ని కాపాడటం నాలాంటివాళ్లకు చాలా కష్టం. మీరు బంకులోకి బండి తిప్పారు చూడండి, నా దృష్టిలో రివాల్వర్ ఉన్నా సరే మొదట చేయాల్సింది అదే.

దామలచెరువు మండీ:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పీలేరు వెళ్లి ఆ మార్క్ 3 చూసి వచ్చాను. ఆర్మరర్ సార్ చెప్పినట్టే ఒక్కొక్కటి చూశాను. గొట్టం అద్దంలా ఉంది, నంబరు కలిసింది. కానీ ఆరు గదుల్లో రెండింటి దగ్గర హామర్ పూర్తిగా లాగినా సిలిండర్ పట్టుకోవడం లేదు. నేను వేలితో కొంచెం తిప్పితే అప్పుడు టక్కుమంది. గొళ్లెం బిగువుగానే ఉంది. నేను వెనకాడుతుంటే ఆయన ఇంకో పది వేలు తగ్గిస్తానన్నారు. ఇది రిపేరయ్యేదేనా సార్?

ఆర్మరర్, పీలేరు:

రిపేరు అవుతుంది, కానీ నువ్వు కొనొద్దు. సిలిండర్‌ను తిప్పే చేయి అరిగింది, లేదా దాని వెనక పళ్లు అరిగాయి. చేయి మార్చితే సరిపోవచ్చు. పళ్లు అరిగుంటే సిలిండర్ పనే పడుతుంది. ఆ పని లైసెన్స్ ఉన్న రిపేరర్ దగ్గరే చేయించాలి, మీ ఊరి లేత్ షాపులో కాదు. నువ్వు దాన్ని రాత్రి రోడ్డు మీద నమ్ముకోవాలి. ఆ పది వేలకు ఆశపడొద్దు.

ఆ పెద్దాయనకు కూడా ఈ మాట చెప్పు, పాపం ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. ఎవరూ కొనకపోతే స్టేషన్లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించే వీలుంది.

నువ్వు ప్రబల్‌కూ, కొత్త మార్క్ 3కూ పన్నుతో కలిపి చేతికొచ్చే ధర ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర అడుగు. ఫోన్లో చెప్పే ధరలో జీఎస్టీ ఉందో లేదో విడిగా అడుగు. రెంటిలో ఏది లక్షన్నరలోకి వస్తే అది తీసుకో. బెల్టుకూ, హోల్‌స్టర్‌కూ, ఇనుప పెట్టెకూ డబ్బు ముందే పక్కన పెట్టు, అవి మిగిలిన డబ్బుతో కొనేవి కావు. కొన్న రోజే లైసెన్స్‌లో రివాల్వర్ నంబరు సరిగా ఎక్కించారా అని అక్కడే నిలబడి చదువుకో. ఇంటికి తెచ్చాక ఒకసారి పీలేరు రా, లైసెన్స్ వెంట పెట్టుకొని, తూటాలు లేకుండా. విప్పి తుడవడం నేను చూపిస్తాను.