మారుమూల ఆరోగ్య కేంద్రానికీ, బడికీ ఒకే ఇంటర్నెట్: డబ్బు దేని మీద పెట్టాలి?

కొండదారి:

జిల్లా ఆసుపత్రికి పడవలో నాలుగు గంటల దూరాన ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికీ, దాని ప్రహరీకి ఆనుకొని ఉన్న ఉన్నత పాఠశాలకూ కలిపి ఇంటర్నెట్ పెట్టించే పని మా స్వచ్ఛంద సంస్థ మీద పడింది. కేంద్రంలో ఒక నర్సు, ఒక సహాయకురాలు ఉంటారు. డాక్టరు నెలకు రెండుసార్లు వస్తారు. కరెంటు రోజుకు ఆరేడు గంటలకు మించి ఉండదు, ఉన్నంతసేపూ నిలకడగా ఉండదు. నిధులిచ్చే దాత పెద్ద తెర, ఖరీదైన కెమెరా, మైకులతో ఒక వీడియో సంప్రదింపుల గది ఏర్పాటు చేయాలని పట్టుబడుతున్నారు. ఆ మాట నర్సు దగ్గర ఎత్తితే ఆమె, "తెర సంగతి తరువాత చూద్దాం. నేను ఉదయం అడిగిన ప్రశ్నకు సాయంత్రంలోగా జవాబిచ్చే డాక్టరు ఒకరిని చూపించండి" అన్నారు. అప్పటి నుంచి దాత చెప్పినదానికి తల ఊపడానికి నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి చోట్ల పనిచేసినవారిని అడుగుతున్నాను: వీడియో నిజంగా అంత అవసరమా? ఒకే కనెక్షన్ వైద్యానికీ చదువుకూ సరిపోతుందా? ముందుగా చెడిపోయేది ఏది?

పల్లెనాడి:

నేను ప్రశ్నలకు జవాబులిచ్చే వైపు కూర్చున్న డాక్టరును. మీ నర్సుగారు అడగవలసినదే అడిగారు. టెలిమెడిసిన్ అనగానే అందరికీ తెర మీద కనిపించే డాక్టరే గుర్తుకు వస్తారు గాని, వసతులు తక్కువగా ఉన్న చోట్ల ఏళ్ల తరబడి నిలబడినది ఫొటో తీసి, వివరం రాసి పంపి, జవాబు కోసం ఆగే పద్ధతి. బ్రిటన్‌కు చెందిన స్విన్‌ఫెన్ చారిటబుల్ ట్రస్టు 1999లో బంగ్లాదేశ్‌లోని సావర్‌లో పక్షవాత రోగుల పునరావాస కేంద్రంతో తన సేవలు మొదలుపెట్టినప్పుడు వాడినవి ఒక డిజిటల్ కెమెరా, అది కదలకుండా నిలిపే స్టాండు, ఈమెయిలు మాత్రమే.

లెక్క వేసి చూడండి. 300 కిలోబైట్ల ఫొటో సెకనుకు 64 కిలోబిట్ల నాసిరకం లైను మీద కూడా 40 సెకన్లలోపు వెళ్లిపోతుంది. మధ్యలో లైను తెగితే మళ్లీ పంపుకోవచ్చు. వీడియోకు అంతకు ఎన్నో రెట్ల వేగం రెండు వైపులా తగ్గకుండా ఉండాలి, పైగా రెండు చివరలా మనుషులు ఒకే సమయానికి తీరికగా ఉండాలి. ఆపరేషన్ల మధ్య నాకు దొరికే పది నిమిషాలకు సరిగ్గా రోగి నర్సు ఎదుట కూర్చుని ఉండడం ఎంత అరుదో నాకు అనుభవమే.

ఒకసారి కాలి పుండు ఫొటో వచ్చింది. ఫ్లాష్ వెలుగుకు చర్మం తెల్లగా మెరిసిపోయి, పుండు ఎంత ఉందో, దాని అంచు ఎలా ఉందో తెలియలేదు. రోగిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫ్లాష్ ఆపి, పుండు పక్కన స్కేలు పెట్టి, దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయమని రాశాను. అరగంటలో వచ్చిన రెండో జత ఫొటోల్లో పుండు అంచు చర్మం కిందికి తొలుచుకుపోయి ఉండడం స్పష్టంగా కనిపించింది. నొప్పి లేదని కూడా నర్సు రాయడంతో బురులి అల్సర్‌ను (బ్యాక్టీరియా వల్ల చర్మానికి వచ్చే జబ్బు) అనుమానించి, అంచు కింది నుంచి పరీక్షకు నమూనా తీయమన్నాను. కెమెరా మాత్రం రెండుసార్లూ అదే.

అందువల్ల డబ్బు మొదట నర్సు శిక్షణకు, ఆ తరువాత జవాబిచ్చే డాక్టర్ల వంతుల పట్టికకు వెళ్లాలి. ఏ రోజు ఎవరి వంతో, గడువులోగా జవాబు రాకపోతే ప్రశ్న ఎవరికి మళ్లుతుందో ముందే రాసి ఉండాలి. సలహా అందాక ఆ మందు ఇచ్చే అధికారం నర్సుకు ఉండాలి, ఆ మందు అల్మారాలోనూ ఉండాలి. ఇవి లేని చోట నేను రాసిన సలహాలు ఎన్నో వృథా అయ్యాయి. కాన్పు కష్టమైనప్పుడు, మూర్ఛలు ఆగనప్పుడు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు వెంటనే కలిసే ఫోను, సిద్ధంగా ఉన్న పడవ కావాలి.

తీగెలమేస్త్రి:

డాక్టరుగారితో ఒక్క చోట విభేదిస్తాను. వీడియోను పూర్తిగా తీసిపారేయకండి. తమిళనాడులోని తేని అరవింద్ కంటి ఆసుపత్రి, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకుల సాయంతో, చుట్టుపక్కల ఊళ్లలోని కంటి కేంద్రాలను దూరపు వైఫైతో ఆసుపత్రికి కలిపింది. అక్కడ శిక్షణ పొందిన సిబ్బంది కన్ను పరీక్షించాక, రోగి ఆసుపత్రిలోని డాక్టరుతో వీడియోలో స్వయంగా మాట్లాడతారు. పని ఒకే రకమైనది, పరీక్షించే మనిషి అక్కడే ఉన్నారు, రోగికి డాక్టరు మాట విన్నామన్న తృప్తి మిగిలింది. వీడియో అక్కడ అందుకే కుదిరింది. మీ కేంద్రంలో రోజుకో రకం జబ్బు వస్తుంది కనుక అంత తేలికగా కుదరదు.

దూరం గురించి భయపడనక్కరలేదు. మామూలు వైఫై పరికరం తాను పంపినది అందిందన్న కబురు మైక్రోసెకన్లలో తిరిగి రావాలని చూస్తుంది. పదుల కిలోమీటర్ల దూరంలో అది ఆలస్యమైతే, పోయిందనుకొని మళ్లీ మళ్లీ పంపి లైనును తానే నింపేస్తుంది. ఆ గడువును సాఫ్ట్‌వేర్‌లో పెంచితే, దారికి ఏదీ అడ్డు లేని చోట లైను ఆశ్చర్యపోయేంత దూరం పోతుంది. వెనిజులాలో ఎర్మన్నో పియెట్రోసెమోలి బృందం 2007లో రెండు కొండల మధ్య 382 కిలోమీటర్లు కలిపింది. ఎత్తైన చోటు దొరకకపోతే ఉపగ్రహమే దిక్కు. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహంతో మాట పోయి బదులు రావడానికి అర సెకను దాటుతుంది కనుక ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోతుంటారు. 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగేవాటితో ఆ బాధ లేదు గాని, వాటి యాంటెనా ఎల్లవేళలా పదుల వాట్ల కరెంటు తాగుతుంది.

ముందుగా చెడిపోయేది ఏదని అడిగారు. కరెంటే. తేని నెట్‌వర్కులో కూడా పరికరాలను ఎక్కువగా దెబ్బతీసినది హెచ్చుతగ్గుల కరెంటేనని దాన్ని నిర్మించినవారే రాశారు: వోల్టేజీ ఎగిసినప్పుడు బోర్డులు కాలాయి, పడిపోయినప్పుడు రూటర్లు చావక బతకక మధ్యలో వేలాడాయి. సోలార్ పలక, బ్యాటరీ, బ్యాటరీ మరీ అడుగంటక ముందే లైను విడగొట్టే కంట్రోలరు పెట్టించి, రూటర్‌ను నేరుగా ఆ బ్యాటరీ నుంచే నడపండి. ప్రతి పరికరానికీ ఒక మారు పరికరం అక్కడే ఉంచండి. తీగెలకు రంగు టేపులు చుట్టండి. "ఎర్రది తీసి మళ్లీ పెట్టండి" అని ఫోనులో చెప్పగలిగితే నాలుగు గంటల పడవ ప్రయాణం తప్పుతుంది.

నల్లబల్ల:

నేను ఉపాధ్యాయురాలిని, బడి గురించే చెబుతాను. పరికరాలు పంచితే చదువు దానంతట అదే వస్తుందని అనుకోవద్దు. పెరూలో పిల్లలకు తలా ఒక లాప్‌టాప్ ఇచ్చే పథకాన్ని 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పరిశీలించి ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 2012లో వెలువరించిన అధ్యయనంలో, గణితంలోనూ భాషలోనూ పిల్లల మార్కులు మెరుగుపడినట్లు తేలలేదు. ఆ బళ్లలో చాలావాటికి ఇంటర్నెట్టే లేదు, ఉపాధ్యాయులకు దక్కిన శిక్షణా అంతంతమాత్రమే.

ఒక లైను ఇద్దరికీ చాలుతుంది, పగలు ఆరోగ్య కేంద్రానికి మొదటి హక్కు ఇస్తే. బడికి ఒక చిన్న సర్వరు పెట్టి, ఇంటర్నెట్ లేకుండా నడిచే కొలిబ్రి, కివిక్స్ సాఫ్ట్‌వేర్‌ల ద్వారా పాఠాలు, వికీపీడియా అందులోకి దించుకుంటే, పిల్లలు లైను లేకపోయినా గదిలోని వైఫైతో చదువుకోగలరు. కొత్తవి రాత్రిపూట దింపుకోవచ్చు. మా బడిలో గుండె గురించిన రెండు నిమిషాల వీడియోను నలభై సెకన్ల దగ్గర ఆపి, రక్తం ఎటు పోతుందో బల్ల మీద గీయమన్నాను. తొమ్మిది మంది గీసిన బాణాల్లో ఆరు తప్పు. ఆ రోజు పాఠం అక్కడి నుంచి మొదలైంది. వీడియో చివరిదాకా ఆడనిచ్చి ఉంటే అందరూ అర్థమైందనే చెప్పేవారు.

కొండదారి:

అందరికీ ధన్యవాదాలు. దాతకు లెక్కలతో ఉత్తరం రాస్తున్నాను: గది వద్దు, శిక్షణ, సోలార్, బడి సర్వరు కావాలని. ఒక్క సందేహం మిగిలింది. ఇప్పుడు నర్సు తన సొంత ఫోనుతోనే ఫొటోలు పంపుతున్నారు. ఇది సరైనదేనా?

పల్లెనాడి:

సరైనది కాదు. ఆ ఫోను ఇంట్లో పిల్లల చేతికి కూడా వెళుతుంది. కేంద్రానికి వేరే ఫోను కొని, తాళం సంకేతం పెట్టి, రోగి పేరుకు బదులు రిజిస్టరు సంఖ్య వాడమనండి. ముఖం అవసరం లేని ఫొటోలో ముఖం పడకూడదు. ఫొటో తీసే ముందు ఎవరికి పంపుతున్నారో రోగికి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇంకొకటి, వీడియో మీద దాతకు అంత మక్కువ ఉంటే దాన్ని శిక్షణకు మళ్లించండి. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో 2003లో మొదలైన ప్రాజెక్ట్ ఎకోలో నిపుణులు రోగులను చూడరు. పల్లెల్లోని వైద్య సిబ్బందితో వారానికోసారి వీడియోలో కేసులు చర్చిస్తారు. హెపటైటిస్ సి చికిత్సలో వైరస్ పోయినవారు విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం, ఎకోలో చేరిన పల్లె, జైలు కేంద్రాల్లో 58.2 శాతం అని 2011లో ప్రచురించారు. వారానికి ఒక గంట మీ లైను ఆ మాత్రం వీడియోను మోయగలదు, మీ నర్సుగారికి జవాబు చెప్పే డాక్టర్లతో ముఖపరిచయమూ అవుతుంది.