తెలుగులో రాసిన మెయిళ్లకే డీకిమ్ (మెయిల్ దారిలో మారలేదని చూపే డిజిటల్ సంతకం) ఫెయిల్ అవుతోంది, పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్ తెలిసినవాళ్లు చెప్పగలరా?

మా ఆఫీసులో ఉబుంటు 22.04 మీద పోస్ట్‌ఫిక్స్, ఆ సంతకం పెట్టే ఓపెన్‌డీకిమ్ నడుస్తున్నాయి. స్టాఫ్ అందరిదీ థండర్‌బర్డ్ మెయిల్ యాప్. బయటికి వెళ్లే మెయిల్ మొత్తం ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ వాళ్ల రిలే సర్వర్ మీదుగా, పోర్ట్ 587లో పోతుంది.

ఇంగ్లిష్‌లో రాసిన మెయిల్‌కి జీమెయిల్‌లో డీకిమ్ పాస్. అదే మెయిల్‌లో ఒక్క తెలుగు వాక్యం చేర్చినా "బాడీ హ్యాష్ డిడ్ నాట్ వెరిఫై" (అంటే సంతకం అయ్యాక మెయిల్ లోపలి భాగం మారిందని) అని వస్తోంది. ఎస్‌పీఎఫ్ (పంపిన సర్వర్‌కి అనుమతి ఉందా అని చూసే తనిఖీ) పాస్ అవుతోంది కాబట్టి నేరుగా వెళ్లేవి ఎలాగో గట్టెక్కుతున్నాయి. కానీ మా ఆడిటర్ గారు తన పాత అడ్రస్ నుంచి జీమెయిల్‌కి ఫార్వర్డ్ పెట్టుకున్నారు. అక్కడ ఎస్‌పీఎఫ్ కూడా పోయి అన్నీ స్పామ్‌లో పడుతున్నాయి. జీఎస్టీ గడువు దగ్గర పడినప్పుడల్లా ఇదో టెన్షన్.

కీ 2048 బిట్, టెస్ట్‌లో ఓకే. కేననికలైజేషన్ (ఖాళీల్లాంటి చిన్న తేడాలను ఎంతవరకు పట్టించుకోవాలన్న సెట్టింగ్) రిలాక్స్‌డ్/రిలాక్స్‌డ్‌కి మార్చినా తేడా లేదు. మెయిల్ కింద డిస్‌క్లెయిమర్ లాంటిదేమీ చేర్చట్లేదు. పంపినవాళ్ల సెంట్ ఫోల్డర్‌లో ఎన్‌కోడింగ్ 8బిట్ (అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే) అని ఉంటే, జీమెయిల్‌కి చేరిన కాపీలో కోటెడ్ ప్రింటబుల్ (అక్షరాలను మామూలు ఇంగ్లిష్ గుర్తులుగా మార్చి రాసే పద్ధతి) అని ఉంది. రిలే సర్వర్‌కి ఈహెచ్‌ఎల్‌ఓ (సర్వర్‌కి ఏమేం వచ్చో అడిగే కమాండ్) ఇచ్చి చూస్తే జవాబులో 8బిట్‌మైమ్ (8బిట్ మెయిల్ తీసుకోగలనని చెప్పే మాట) లేదు. అంటే సంతకం అయ్యాక పోస్ట్‌ఫిక్సే మెయిల్‌ని మారుస్తోందని నా అనుమానం. ఈ మార్పిడిని ఆపే డిసేబుల్ మైమ్ అవుట్‌పుట్ కన్వర్షన్ సెట్టింగ్ ఆన్ చేస్తే తెలుగు అక్షరాలు చెడిపోయి చేరాయి, వెంటనే తీసేశాను. రిలే వాళ్లని అడిగితే తమ వైపు ఏమీ మార్చలేమన్నారు.

ఓపెన్‌డీకిమ్ సంతకం పెట్టకముందే మెయిల్‌ని కోటెడ్ ప్రింటబుల్‌కి మార్చేలా పోస్ట్‌ఫిక్స్‌ని ఎలా సెట్ చేయాలి?