మోన్రియాలే గోడల మీదున్నది బైజాంటైన్ కళేనా?

పాతకోట:

సిసిలీలో పలెర్మో నగరానికి చేరువలో ఉన్న మోన్రియాలే కేథడ్రల్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా, చిన్న చిన్న ముక్కలు అతికి గోడల మీద బొమ్మలుగా కూర్చిన అక్కడి మొజాయిక్‌లను "బైజాంటైన్" (కాన్స్టాంటినోపుల్ రాజధానిగా సాగిన గ్రీకు, అంటే తూర్పు రోమన్, సామ్రాజ్యపు కళ) అన్న ఒక్క మాటతో తేల్చేయడం పరిపాటి అయిపోయింది. నాకు ఆ మాట మీదే అభ్యంతరం. 1174 ప్రాంతంలో ఈ కట్టడాన్ని ఆరంభించిన నార్మన్ రాజు రెండవ విలియం రోము పోపును అనుసరించే లాటిన్ చర్చికి చెందినవాడు. బంగారు గాజు, రంగు గాజు ముక్కలు ఆరువేల చదరపు మీటర్లకు మించి పరచిన ఆ గోడల మీది రాతలలో అధికభాగం లాటినే. నడవకు ఇరుపక్కలా ఆదికాండపు కథ సృష్టి మొదలుకొని రెండు వరుసలుగా సాగుతుంది. పొడవాటి గోడల వెంట పాతనిబంధనను ఇలా నడిపించడం రోములోని బసిలికాల (పొడవాటి చర్చిల) సంప్రదాయమే గాని, ఆ కాలపు గ్రీకు గుమ్మటాల గుడుల పద్ధతి కాదు.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం బలిపీఠం వెనుక అర్ధవృత్తపు గోడ మీద, పునీతుల వరుసలో నిలబడి ఉంది. ఆయన థామస్ బెకెట్. 1170లో కాంటర్బరీలో హతుడై, 1173లో పునీతుడిగా ప్రకటితుడైన ఆంగ్లేయ ఆర్చిబిషప్పు. ఆ హత్యకు ఎవరి ఆగ్రహం కారణమైందో ఆ ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ కూతురు జోన్‌నే విలియం 1177లో పెళ్ళాడాడు. మామగారి కోపానికి బలైనవాడికి అల్లుడి గుడిలో పీటవేశారన్నమాట! ఏ గ్రీకు పనివాడూ ఈ మనిషి రూపాన్ని తన ఊరి నుంచి తెచ్చి ఉండడు.

గాజుముక్క:

పాతకోట గారూ, బెకెట్ సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే గోడ మీద ఏ బొమ్మ ఉండాలో నిర్ణయించినవాడూ, దాన్ని ఎలా నిలబెట్టాలో తెలిసినవాడూ ఒక్కరే కానక్కరలేదు. మొజాయిక్ అనగానే మనకు పాలిష్ పట్టిన ఇంటి గచ్చు గుర్తొస్తుంది. ఈ పని దానికి సరిగ్గా వ్యతిరేకం. పలుచని బంగారు రేకును గాజు పొరల మధ్య ఇమిడ్చి ముక్కలుగా కోసి, తడి ఆరని సున్నపు పూతలో ఒక్కో ముక్కను కాస్త వేరు వాలుతో అదుముతారు కాబట్టే, దీపం కదిలినా చూసేవాడు కదిలినా గోడ మెరుపు మారుతుంది. నున్నగా చదును చేస్తే ఆ వెలుగు చచ్చిపోతుంది.

వస్త్రాల మడతలు కూడా చూడండి. సిసిలీలోనే ఉన్న చెఫాలూ కేథడ్రల్‌లో 1148 తేదీ వేసి ఉన్న మొజాయిక్‌లో క్రీస్తు ఉడుపులు నెమ్మదిగా, నిండుగా జారుతాయి. నలభై ఏళ్ళు తిరక్కముందే మోన్రియాలేలో అవి గాలికి రేగినట్టు సుడులు తిరుగుతాయి. ఇదే మార్పు మాసిడోనియాలోని కుర్బినోవో చర్చిలో 1191 నాటి కుడ్యచిత్రాలలోనూ కనిపిస్తుంది. సిసిలీలో మిగిలిపోయిన పాత పనివారి శిష్యులకు ఈ కొత్త పోకడ తమంత తాముగా తోచిందనుకోవడం కష్టం. గ్రీకు ప్రాంతాల నుంచి కొత్తగా దిగిన పనివారే దీన్ని తెచ్చారన్న కళాచరిత్రకారుడు ఎర్న్‌స్ట్ కిట్‌జింగర్ వాదన నాకు సబబుగా ఉంది.

తూర్పువాకిలి:

మీ ఇద్దరూ రాజకీయాన్ని పక్కన పెట్టేశారు. 1147లో విలియం తాత, సిసిలీ రాజు రెండవ రోజర్ నౌకాదళం బైజాంటైన్ సామ్రాజ్యంలోని థీబ్స్, కొరింథు నగరాలను దోచి పట్టు నేతగాళ్ళను పలెర్మోకు పట్టుకొచ్చింది; 1185లో విలియం సేనలు అదే సామ్రాజ్యపు థెస్సలొనీక నగరాన్ని కొల్లగొట్టాయి. శత్రువు కళను తెచ్చుకోవడం ఇక్కడ అభిరుచి ఒక్కటే కాదు, సమాన హోదా కోసం పోటీ కూడా. పలెర్మోలోని మార్తొరానా చర్చిలో రోజర్ బైజాంటైన్ చక్రవర్తి దుస్తులు ధరించి, సాక్షాత్తు క్రీస్తు చేతులతో కిరీటం పెట్టించుకుంటాడు. పక్కన రాసిన బిరుదు గ్రీకు లిపిలో ఉన్నా, మాట మాత్రం "రెక్స్" (రాజు) అన్న లాటిన్ మాట! మోన్రియాలేలో విలియం కూడా అలాగే క్రీస్తు చేత కిరీటం పెట్టించుకున్నాడు. పోపు గాని, చక్రవర్తి గాని ఆ బొమ్మలలో ఎక్కడా లేరు.

పాతకోట:

తూర్పువాకిలి గారి మాట నా వాదనకే బలం. గ్రీకు గుడిలో గుమ్మటంలో ఉండవలసిన సర్వాధిపతి క్రీస్తు, గుమ్మటం లేని ఈ పొడవాటి కట్టడంలో బలిపీఠం పైకి దిగి వచ్చాడని కూడా చేరుస్తాను. అయితే చెఫాలూ క్రీస్తు చేతి గ్రంథంలో "నేను లోకమునకు వెలుగును" అన్న వాక్యం ఒక పుటలో గ్రీకులో, మరో పుటలో లాటిన్‌లో ఉన్నదని నేనే ఎత్తి చూపాలి, లేకపోతే గాజుముక్క గారు ఊరుకోరు.

మడతల విషయంలో మాత్రం ఒక పేచీ ఉంది. 1811లో చెలరేగిన మంటలకు మోన్రియాలే పైకప్పు కొంత కాలిపోయింది, ఆ తరువాత మొజాయిక్‌లకు విస్తృతంగా మరమ్మతులు జరిగాయి. ఒక మడతను 12వ శతాబ్దపు గ్రీకు చేతికి రుజువుగా చూపేవారు, ఆ ముక్కలు పాతవో, తరువాత అతికినవో ముందు తేల్చాలి.

గాజుముక్క:

షరతు న్యాయమే. అయితే మీరు లెక్కపెట్టిన లాటిన్ రాతలకూ అదే షరతు వర్తించాలి.